నాయనతో కాలవ వెంబడి ఒక రోజు

స్టీమ్‌బోట్ రాక్ క్యాంపులో తెల్లారింది. ఐదున్నరకే ఎండ కొండ అంచు మీద పడింది. నేను కళ్లు తెరిచేసరికి నాయన బండిలో లేడు. తలుపు తీసి చూస్తే నీళ్ల ఒడ్డున నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని, మా చేలోకి బోరు బండి వచ్చిన రోజు ఎట్లా నిలబడేవాడో అట్లాగే.

"ఇంత ఎండిన కొండల మధ్య ఇన్ని నీళ్లు యాడ నుంచి వచ్చినాయి మ్మా?" అని అడిగాడు, నేను పక్కకు వెళ్లగానే. గుడ్ మార్నింగ్ లేదు, కాఫీ తాగినావా అని లేదు. రాత్రి చీకటి పడ్డాక వచ్చాం కాబట్టి ఆ చెరువును ఆయన చూడటం అదే మొదటిసారి.

జులై చివర్లో అమ్మానాయనా మా దగ్గరికి వచ్చినప్పుడు చేసిన ప్రయాణం ఇది. మేముండేది సియాటిల్ పక్కన. మూడు రోజులకు ఆర్వీ అద్దెకు తీసుకున్నాం, వంటిల్లూ పడకలూ బాత్రూమూ లోపలే ఉండే 25 అడుగుల బండి, ఐదుగురం: నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల మా పిల్లోడు, అమ్మ, నాయన. అమ్మకు మోకాళ్ల నొప్పులు, గంటకోసారి కాళ్లు చాపుకోవాలి, బయట తిండి పడదు, అందుకే ఆర్వీ. సియాటిల్ చుట్టూ ఉండే పచ్చటి అడవులు, జలపాతాలు అన్నీ ముందు వారమే చూపించేశాను. నాయన బాగున్నాయి అన్నాడు, అంతే. ఆయన కళ్యాణదుర్గం దగ్గర ఊళ్లో నలభై ఏళ్లు శెనక్కాయ వేసిన మనిషి. వాన ఎక్కువ పడే చోటు చూస్తే ఆయనకు చెప్పడానికి ఏమీ ఉండదు. అందుకే కాస్కేడ్ కొండలు దాటి వాషింగ్టన్ రాష్ట్రం తూర్పు వైపుకు తీసుకొచ్చాను. ఇక్కడ వాన మనకంటే తక్కువ. అనంతపురంలో ఏడాదికి 55 సెంటీమీటర్ల దాకా పడుతుంది కదా, ఇక్కడ 20 పడితే గొప్ప. అయినా పంటలు పండుతాయి. ఎట్లా పండుతాయో ఆయనకు చూపించాలని నా కోరిక.

ఆ చెరువు పేరు బ్యాంక్స్ లేక్. 27 మైళ్ల పొడవు. అది సహజంగా పుట్టిన చెరువు కాదు. 1951 దాకా అది ఎండిపోయిన లోయ, నల్లరాతి గోడల మధ్య రాళ్లూ పొదలూ. రెండు చివర్లా కట్టలు వేసి, కొలంబియా నదిలోంచి నీళ్లు తోడి నింపారు. ఇది చెప్పగానే నాయన "తోడినారా?" అని రెండుసార్లు అడిగాడు. "పద, తోడేది చూద్దాం" అన్నాడు. అమ్మ చేసిన ఉప్మా కూడా నిలబడే తిన్నాడు.

ఆర్వీని పొద్దున కదిలించడం అంటే చిన్న పని కాదు. కరెంటు తీగ పీకాలి, నీళ్ల గొట్టం విప్పాలి, మురుగు గొట్టం విప్పి కడగాలి, సామానంతా అరల్లో పెట్టి గొళ్లాలు వేయాలి, లేకపోతే మొదటి మలుపులోనే గిన్నెలు కింద పడతాయి. అన్నీ చేశాం. ఒకటి మరిచిపోయాం, అది మధ్యాహ్నం తెలిసింది.

గ్రాండ్ కూలీ డ్యామ్ అక్కడికి ఇరవై నిమిషాలు. దారిలో ఎలక్ట్రిక్ సిటీ అని ఒక చిన్న ఊరు వస్తుంది, పేరే కరెంటు ఊరు. డ్యామ్ పేరు విని నాయన "కూలోళ్ల పేరు పెట్టినారా?" అన్నాడు. కాదు నాయనా, కూలీ అంటే ఇక్కడ ఎండిన లోయ అని అర్థం, అని చెప్పాను. "ఏమైతేనేం, కట్టింది కూలోళ్లే కదా, సరిపోయింది పేరు" అన్నాడు. ఆయన చెప్పింది నిజం కూడా. పని మొదలైంది 1933లో, దేశమంతా పని లేక అల్లాడిపోతున్న కాలంలో. 1942కి పూర్తయింది. దాదాపు మైలు పొడవు, 550 అడుగుల ఎత్తు. వేల మంది ఆ కాంక్రీటు పోశారు. అమెరికాలో ఇంతకంటే ఎక్కువ కరెంటు తీసే జల విద్యుత్ కేంద్రం ఇంకోటి లేదు.

కానీ నాయన డ్యామ్‌ను ఎక్కువసేపు చూడలేదు. పక్కన కొండ మీదికి పాకినట్టు పన్నెండు పెద్ద గొట్టాలు ఉంటాయి, ఒక్కోదాంట్లో మనిషి నిలబడి చెయ్యెత్తినా పైకి అందదు. కింద నదిలో కట్టిన డ్యామ్ వెనక నీళ్లను ఆ గొట్టాల్లోంచి 280 అడుగులు పైకి ఎత్తి, అక్కడ్నించి చిన్న కాలవలో బ్యాంక్స్ లేక్‌కి వదులుతారు. నాయన కంచె పట్టుకుని ఆ గొట్టాలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. 

"కరెంటు బిల్లు ఎవరు కడతారు?"

ఇదే ఆయన ప్రశ్న. ఎత్తిపోతల అనే మాట వినగానే మన రైతు అడిగే ప్రశ్న ఇది, ఇంజనీర్లూ నాయకులూ చివరికి చెప్పే జవాబూ ఇదే. ఇక్కడ డ్యామ్ తన కరెంటుతోనే తన నీళ్లను పైకి ఎత్తుకుంటుంది, ఆ డ్యామ్ కట్టిన ఖర్చులో పెద్ద భాగం కూడా కరెంటు అమ్మి వచ్చిన డబ్బుతోనే తీరింది, రైతు మీద పడింది కొంతే. అందులో సగం పంపులు వెనక్కి తిరిగి కరెంటు కూడా తీస్తాయి అని చెబితే, నాయన "శ్రీశైలం ఎడమ గట్టులో మాదిరి" అన్నాడు. ఆయనకు ఇవన్నీ తెలుసు. మల్యాల దగ్గర కృష్ణ నీళ్లు ఎత్తి హంద్రీ-నీవాలో పోసిన రోజుల్లో ఆయన పేపర్లో వచ్చిన మ్యాపు కత్తిరించి దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు.

అక్కడ ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ డ్యామ్‌కి చేపలు పైకి వెళ్లే దారి పెట్టలేదు. సముద్రం నుంచి ఏటా ఎదురీదుకుంటూ వచ్చే సాల్మన్ చేపలు ఇక్కడితో ఆగిపోయాయి. పైన కెటిల్ ఫాల్స్ అని ఒక జలపాతం ఉండేది, కోల్విల్ తెగలు, ఇంకా చాలా తెగల వాళ్లు వేల ఏళ్లుగా అక్కడ చేపలు పట్టి బతికారు. అది చెరువు కిందికి పోతుందని తెలిసి 1940 జూన్‌లో ఆ తెగలన్నీ అక్కడ చేరి మూడు రోజులు ఆ చోటుకు ఏడ్చి వీడ్కోలు చెప్పాయి. దాన్ని కన్నీళ్ల వేడుక అంటారు. ఇది నేను చెబుతుంటే అమ్మ అప్పటిదాకా నీడలో కూర్చున్నది లేచి వచ్చింది. అమ్మ మేనత్త ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. ఊరు వదిలిన రోజు గడప మీద పసుపు కుంకుమ పెట్టి వచ్చారట, రేపు నీళ్లలో మునిగే గడపకు. ఆ మాట నేను అదే మొదటిసారి వినడం. డ్యామ్ ముందు అమ్మ ఇంకేమీ మాట్లాడలేదు, బండిలోకి వచ్చి కూడా చాలాసేపు కిటికీ వైపే చూస్తూ ఉంది.

అక్కడ్నించి వెనక్కి, 155 రోడ్డు మీద, బ్యాంక్స్ లేక్ ఒడ్డునే దక్షిణానికి. ఒక పక్క నల్లటి రాతి గోడ, ఇంకో పక్క నీళ్లు, మధ్యలో రెండు లైన్ల రోడ్డు. గాలి గట్టిగా ఉంది. కారులో తెలియని గాలి ఆర్వీలో బాగా తెలుస్తుంది, పక్కనుంచి ఎవరో చేత్తో తోసినట్టు బండి జరుగుతుంది. నేను స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకుని 50 మీద పోనిచ్చాను. వెనక ఎవరైనా వస్తే పక్కకు తీసి దారి ఇచ్చాను. తొందరేం లేదు.

డ్రై ఫాల్స్ దగ్గర ఆపేసరికి ఒంటి గంట, ఎండ 38 డిగ్రీలు. మూడున్నర మైళ్ల వెడల్పు, 400 అడుగుల లోతు ఉన్న జలపాతం, చుక్క నీళ్లు దూకదు. వేల ఏళ్ల కింద మోంటానాలో మంచు గోడ కట్టిన చెరువు తెగి, ఆ వరద ఈ నేల మీదుగా పోయి, మట్టి అంతా ఊడ్చి ఈ లోయలు చెక్కింది. అట్లా ఒకసారి కాదు, చాలాసార్లు. బ్రెట్జ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1923లో ఈ సంగతి చెబితే తోటివాళ్లు నమ్మలేదు, చాలా ఏళ్లు వెక్కిరించారు. 1979లో, ఆయనకు తొంభై ఆరేళ్లప్పుడు, భూగర్భ శాస్త్రంలో పెద్ద గౌరవమైన పెన్‌రోజ్ మెడల్ ఇచ్చారు. మా పిల్లోడికి ఈ కథ బాగా నచ్చింది.

అప్పుడే అమ్మ లోపల్నించి పిలిచింది. కొళాయి తిప్పితే మోటరు గుర్రుమంటోంది, నీళ్లు రావట్లేదు. రాత్రంతా క్యాంపు కొళాయికి గొట్టం పెట్టుకుని నేరుగా వాడుకున్నాం, బండి ట్యాంకు నింపుకోవడం మరిచిపోయాం. ట్యాంకులో మీటరు ముల్లు అడుగున ఉంది. తాగే నీళ్ల సీసాలు ఉన్నాయి, కానీ అన్నం వండాలి, బాత్రూమ్‌కు పోవాలి, ఎండలో ఐదుగురం. నాకు టెన్షన్ మొదలైంది. నాయన మాత్రం "నీళ్లు చూసుకోకుండా ఇంట్లోంచి ఎట్లా బయల్దేరినారు?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగా అర్థం కాక అడిగాడు. ఆయన జీవితంలో పొద్దున లేవగానే మొదటి పని అదే, తొట్టి చూడటం.

నాలుగైదు మైళ్లు వెనక్కి తిరిగి కూలీ సిటీకి వచ్చాం. ఊరు చిన్నది, నీళ్ల ఒడ్డున ఒక పార్కు ఉంది. అక్కడ గడ్డి కోస్తున్న ఒకామె యంత్రం ఆపి, వచ్చి, ఆర్వీలకు తాగే నీళ్లు పట్టే కొళాయి ఎక్కడుందో చూపించింది. మా గొట్టం పొట్టిదైతే తన గొట్టం తెచ్చి ఇచ్చింది. ట్యాంకు 40 గ్యాలన్లు. "అంటే ఎన్ని బిందెలు?" అంది అమ్మ. పది బిందెలు. ఐదుగురికి రోజుకు పది బిందెలు అని లెక్క తేలాక, అమ్మ ఆ సాయంత్రం గిన్నెలు కడగడం చూడాలి మీరు. ఒక చుక్క వృథా పోలేదు. మేము ఇంట్లో కొళాయి వదిలేసి పళ్లు తోముకుంటాం కదా, మా పిల్లోడు అమ్మమ్మ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు.

ట్యాంకు నిండేలోపు నాయన కనబడలేదు. వెతికితే ఊరి చివర కాలవ దగ్గర ఉన్నాడు. ప్రధాన కాలవ మొదలయ్యేది అక్కడే, బ్యాంక్స్ లేక్ నీళ్లు కట్ట కిందినుంచి బయటికి వచ్చే చోట. సిమెంటు చేసిన వెడల్పాటి కాలవ, నీళ్లు నిండుగా, చప్పుడు లేకుండా, చాలా వేగంగా పోతున్నాయి. నిండుగా పోయే కాలవకు చప్పుడు ఉండదు. నాయన అక్కడ పది నిమిషాలు నిలబడ్డాడు. నేను పిలవలేదు.

సోప్ లేక్ దగ్గర కాసేపు ఆగాం. ఉప్పూ ఖనిజాలూ ఎక్కువైన చెరువు, నీళ్లు చేతికి సబ్బులా జారతాయి. అమ్మ మోకాళ్ల దాకా దిగి నిలబడింది, హాయిగా ఉంది అంది.

ఆ తర్వాత లోయ అయిపోయి నేల విప్పారుతుంది. ఎఫ్రాటా దాటి మోసెస్ లేక్ వైపు 17వ నంబరు రోడ్డు మీద పోతుంటే ఇక అన్నీ చేలే. ఒక పక్క బూడిద రంగు సేజ్ పొదలు, మన తంగేడు చెట్లంత ఎత్తు, దుమ్ము. ఆ దుమ్ముకు ఆనుకునే, కత్తితో కోసినట్టు, ముదురు ఆకుపచ్చ. మధ్యలో లేతగా, నెమ్మదిగా మారడం అనేది లేదు. నీళ్లు ఎక్కడిదాకా అందాయో అక్కడిదాకా పచ్చ, ఆ పైన అడుగు ముందుకేస్తే ఎడారి. ఆ గీత చూసినప్పుడల్లా నాకు గొంతు పట్టుకుంటుంది, ఇక్కడ ఉండి పదకొండేళ్లయినా.

నాయన ముందు సీట్లోకి వచ్చి కూర్చున్నాడు. పంట పేరు చెప్పడం, నేను ఔననడం. ఆలుగడ్డ. మొక్కజొన్న. గోధుమ కోతకు వచ్చింది. గడ్డి చేను. "ఇది గడ్డి కోసమే వేసినారా, ఇంత నేలలో?" అవును, ఇక్కడి గడ్డి కట్టలు ఓడలెక్కి జపాన్ దాకా పోతాయి, అక్కడి పశువుల కోసం. ఆలుగడ్డలో అమెరికాలో ఐడహో తర్వాత ఈ రాష్ట్రమే, అందులోనూ ఎక్కువ పండేది ఈ చుట్టుపక్కలే, చాలావరకు ఫ్రెంచ్ ఫ్రైస్ అయిపోతాయి. ఒక చోట కిటికీలోంచి ఒక్కసారిగా పుదీనా వాసన కొట్టింది, చేనంత పుదీనా, కోస్తున్నారు. నూనె తీయడానికి పండిస్తారు, టూత్‌పేస్టుల్లోకీ చూయింగ్ గమ్‌లోకీ. అమ్మ వెనకనుంచి "పచ్చడికి ఒక కట్ట ఇస్తారేమో అడుగు" అంది. ఆపడానికి చోటు లేదు, ఆ వాసన మాత్రం బండిలో చాలాసేపు ఉండిపోయింది.

విశాలంగా ఉన్న ఒక మట్టి దారి దగ్గర మాత్రం ఆపాను, నాయన పివట్‌ను దగ్గరగా చూస్తానన్నాడు. విమానంలోంచి గుండ్రంగా కనబడే చేలు ఇవే. చేను నడిమధ్యలో ఒక కుదురు, దాన్నుంచి పావు మైలు పొడవున చక్రాల మీద నిలబడ్డ గొట్టం, గడియారం ముల్లులా చుట్టూ తిరుగుతూ నీళ్లు చల్లుతుంది. 160 ఎకరాల చదరపు చేలో గుండ్రంగా తిరిగితే 125-130 ఎకరాలు తడుస్తుంది, నాలుగు మూలలూ ఎండగానే ఉంటాయి. "మూలలు వదిలేసినారే" అన్నాడు నాయన. బాధగా అన్నాడు. ఆయన చేలో గట్టు పక్కన జానెడు చోటు ఉన్నా కంది గింజ వేస్తాడు. వంగి, కంచె ఇవతల మట్టి పిడికిట్లో తీసుకుని పిండి చూశాడు. తేలిక నేల, ఇసుక కలిసింది. "మన నేలే ఇది" అన్నాడు. "నీళ్లొకటే తేడా." ఆ మట్టిని కింద పారేయకుండా కొంచెంసేపు అట్లాగే పట్టుకున్నాడు.

మా చేలో ఏడు బోర్లు వేశాం. మొదటిది 1991లో, 180 అడుగుల దగ్గరే నీళ్లు పడ్డాయి. ఏడోది 800 అడుగులు వేసినా దుమ్మే లేచింది, ఆ ఏడాదే నా ఇంజనీరింగ్ ఫీజు కట్టాలి. నాయన ఆ రెండూ ఎట్లా చేశాడో నాకు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు.

సాయంత్రానికి పాట్‌హోల్స్ చెరువు చేరాం. ఓసల్లివన్ డ్యామ్ అనే మట్టి కట్ట మీదుగా పోవాలి, మూడున్నర మైళ్ల కట్ట. ఈ చెరువు సంగతి నాకు ఈ మొత్తం పథకంలో బాగా నచ్చింది. పై చేలకు పెట్టిన నీళ్లలో మొక్క తాగగా మిగిలినవి, నేలలోకి ఇంకి ఊటగా వచ్చినవి, అన్నీ వాలు వెంబడి వచ్చి ఈ కట్ట దగ్గర చేరతాయి. మళ్లీ ఇక్కడ్నించి ఇంకో కాలవ తీసి కింద చేలకు ఇస్తారు. అంటే ఒక రైతు వాడిన నీళ్లే ఇంకో రైతుకు. "చివరి మడికి ముందుగా ఆలోచించినారు" అన్నాడు నాయన. కాలవ ఏదైనా సరే, మొదట్లో ఎంత నిండుగా ఉందని కాదు, చివరి మడికి చేరిందా లేదా అని చూడాలి. నాయన నేర్పిన చూపు ఇది, నేనూ అట్లాగే చూస్తాను. అట్లా చూస్తే ఈ కాలవ కూడా పూర్తి కాలేదు. పది లక్షల ఎకరాలకు పైగా తడపాలని మొదలుపెట్టి, దాదాపు 6,70,000 ఎకరాల దగ్గర ఆగింది. ఆ ఆగిపోయిన వైపు మనిషి ఆ రాత్రి మా పక్క స్థలంలోనే ఉన్నాడు.

అరవై దాటిన రైతు, భార్యతో చేపలు పట్టుకోవడానికి వచ్చాడు. వాళ్ల భూమి తూర్పున, కాలవ దాటాక. అమ్మ ప్రొపేన్ పొయ్యి మీద జొన్నరొట్టెలు కాలుస్తుంటే ఆ చప్పుడుకు ఆవిడ వచ్చి చూసింది, రొట్టె, ఊరిబిండి ఇచ్చాం, వాళ్లు వేయించిన చేప ఇచ్చారు. నాయన రైతు అని తెలిశాక ఆయన కుర్చీ దగ్గరగా లాక్కున్నాడు. నేను మధ్యలో కూర్చుని అటుదిటు, ఇటుదటు చెప్పాను.

వాళ్లవి బోర్లే. కాలవ వచ్చేదాకా తోడుకోండి అని అప్పట్లో రాష్ట్రం అనుమతులు ఇచ్చింది. కాలవ రాలేదు. ఏడాదికేడాది నీళ్లు కిందికి పోయాయి.

"ఎంత లోతు?" అన్నాడు నాయన.

"రెండు వేల అడుగులు దాటింది. వచ్చే నీళ్లు వేడిగా వస్తాయి."

ఇది నేను తెలుగులో చెప్పగానే నాయన నా వైపు చూశాడు, సరిగ్గా విన్నావా అన్నట్టు. నేను సున్నాలు వేళ్లతో చూపించాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మోటరు ఎన్ని హెచ్‌పీ అని, గొట్టం ఎన్ని అంగుళాలని, ఎన్ని గంటలు ఆడుతుందని, ఒకటి తర్వాత ఒకటి అడిగాడు. ఆయనా అంతే ఓపిగ్గా చెప్పాడు. ఇప్పుడు కాలవలోంచి పెద్ద పైపులు వేసి ఆ బోర్ల బదులు నీళ్లు ఇచ్చే పని విడతలు విడతలుగా జరుగుతోందని, వాళ్ల వైపు ఇంకా రాలేదని, వాళ్ల నాన్న కూడా ఇదే మాట వింటూ పోయాడని చెప్పాడు. నాయన తన ఫోన్లో మా చేను ఫోటో చూపించాడు. ఏడో బోరు గుంట మీద కప్పిన బండరాయి అందులో ఉంది. అదేంటో నేను చెప్పక్కర్లేకపోయింది.

లేచేముందు ఆయన, రేపు మా ఇంటికి రండి, బోరు చూపిస్తాను, గంట లోపు దూరం అన్నాడు. అది మేము పోవాల్సిన దారికి పూర్తిగా అవతలి వైపు. ఆర్వీ మర్నాడు సాయంత్రానికి తిరిగి ఇచ్చేయాలి, మా ఆయనకు ఎల్లుండి పొద్దున మీటింగు. నాయన ఏమీ అడగలేదు, ఫోన్ జేబులో పెట్టుకుని బొత్తాం వేసుకుంటున్నాడు. మా ఆయనే లేచి పక్కకు వెళ్లి అద్దె వాళ్లకు ఫోన్ చేసి ఇంకో రోజు పెంచుకున్నాడు.

పడుకునే ముందు నాయన టార్చి పట్టుకుని బయటికి వెళ్లాడు. గొట్టం తగిలించిన చప్పుడు వినబడింది, ట్యాంకు నింపుతున్నాడు.